తడి తగలని ఎరువు: మా బత్తాయి తోట చెప్పిన పాఠం



నేను ఉండేది ఆర్కాన్సా రాష్ట్రంలోని బెంటన్‌విల్‌లో. వాల్‌మార్ట్ హెడ్డాఫీసు ఉన్న ఊరు అంటే చాలామంది ఇట్టే గుర్తుపడతారు. మనవాళ్లు ఇక్కడ బాగానే ఉన్నారు. వారాంతంలో ఎవరింటికి భోజనానికి వెళ్లినా మాటలు వీసాలు, ఇళ్ల ధరలు, పెరట్లో గోంగూర చుట్టూ తిరిగి, చివరికి ఊళ్లో ఉన్న పొలం దగ్గర ఆగుతాయి. "నాన్న అమ్మనివ్వడు, చేయించలేకపోతున్నాడు. డ్రిప్పు పెట్టిస్తే నయమంటావా?" అని ఎవరో ఒకరు నన్ను అడుగుతారు. నన్నే ఎందుకంటే, నేను చదివింది వ్యవసాయ ఇంజనీరింగు. బీటెక్ అదే, అమెరికాలో చేసిన ఎమ్మెస్ కూడా అదే. అన్నం పెడుతున్నది మాత్రం సాఫ్ట్‌వేర్.

ఆ చదువు ఉందన్న ధీమాతో మా నాయినకు సగం సలహా ఇచ్చి, నలభై బత్తాయి చెట్లు పోవడానికి కారణమయ్యాను. మిగతా సగం ఏమిటో ఇక్కడ మా పెరట్లో టమాటా మొక్కలు పాడవుతుంటే అర్థమైంది. మీలో చాలామంది ఇంటికి డబ్బు పంపి బోర్లు వేయిస్తున్నారు, పైపులు వేయిస్తున్నారు. నేను చేసిన పొరపాటు మీరు చేయకూడదనే ఈ వ్యాసం.

తోటలో ఏం జరిగిందంటే

మాది నల్లగొండ జిల్లా. ఎర్ర చల్క నేల, బోరు నీళ్లు. మూడెకరాల్లో బత్తాయి తోట. ప్రతి చెట్టు చుట్టూ పాదు చేసి, కాలువ తీసి, పాదుల్లోకి నీళ్లు పారించేవాళ్లం. ఏటా ఎండాకాలం వచ్చేసరికి బోరు సన్నగిల్లేది. 2017లో నా ఉద్యోగం కుదురుకోగానే డబ్బు పంపి డ్రిప్పు పెట్టించాను. చెట్టు మొదలుకు అటొకటి ఇటొకటి, రెండు డ్రిప్పర్లు. "ఇక సగం నీళ్లు చాలు నాయినా" అని ఫోన్లో గొప్పగా చెప్పాను.

ఆ మాట అబద్ధం కాదు. కాలువల్లో పారించే నీటిలో మొక్కకు అందేది చాలాచోట్ల సగం, అంతకన్నా తక్కువ కూడా. మిగతాది కాలువలో ఇంకుతుంది, ఆవిరవుతుంది, వేళ్లు దాటి కిందికి పోతుంది. డ్రిప్పులో, సరిగ్గా పెడితే, నూటికి తొంభై పాళ్లు మొక్కకు అందుతుంది. ఇంతవరకు నేను చదువుకున్నదే చెప్పాను. నీళ్లు పెట్టే తీరు మారింది కదా, మరి ఎరువు ఎక్కడ వేయాలి అన్నది నేను చెప్పలేదు, ఆయన అడగలేదు.

ఆ జనవరిలో మా నాయిన ఎప్పటిలాగే కొమ్మల చివర్లు ఉన్నంత దూరాన చెట్టు చుట్టూ గాడి తీసి, యూరియా, సూపరు, పొటాషు వేసి మట్టి కప్పాడు. ఆయనకు తొమ్మిదేళ్ల అలవాటు అది. పాదు నిండా నీళ్లు పారే రోజుల్లో అదే సరైన చోటు. కానీ ఇప్పుడు ఆ గాడి దాకా తడి పోవడం లేదు. తడి చెట్టు మొదట్లో ఉంది, ఎరువు మూడు నాలుగు అడుగుల అవతల పొడిమట్టిలో ఉంది.

మార్చి నుంచి ముదురాకులు పసుపు రంగుకు తిరిగాయి. పూత రాలింది. "నీ పైపులు చెట్లను సంపుతున్నయిరా" అన్నాడు నాయిన. నేను బెంటన్‌విల్‌లో ఆఫీసు పార్కింగులో నిలబడి, "నత్రజని తక్కువైనట్టుంది, ఇంకో బస్తా యూరియా వెయ్యి" అన్నాను. వేశాడు, అదే గాడిలో. ఏప్రిల్లో పైపులు చుట్టి కొట్టంలో పడేసి, మళ్లీ పాదులకు నీళ్లు పారించాడు. మే రెండో వారానికి బోరు ఆగిపోయింది. కొన్నాళ్లు ట్యాంకర్లతో నెట్టుకొచ్చాడు. వానలు పడేసరికి నలభై చెట్లు పోయాయి.

ఊళ్లో వాళ్లందరికీ తెలిసింది ఒక్కటే: బత్తాయికి డ్రిప్పు పనికిరాదు. నేనూ పెద్దగా వాదించలేదు. నా దగ్గర జవాబు లేదు.

పెరట్లో టమాటాలు

మూడేళ్ల తర్వాత ఇక్కడ ఇల్లు కొన్నాం. ఈ ప్రాంతం ఓజార్క్ కొండలది. పలుగు దిగితే రాయి, లేకపోతే జిగట మట్టి. నాలుగు సాళ్లు టమాటా పెట్టి, మొక్కల వెంబడే నీళ్లు ఊరే రబ్బరు గొట్టం పరిచి, గుళికల ఎరువు మడి అంతా సమంగా చల్లి, పైన గడ్డి కప్పాను. జులై వచ్చేసరికి మొక్కలు గిడసబారి, కింది ఆకులు పసుపు పచ్చగా మారాయి. నాకు ఆ రంగు ఎక్కడో చూసినట్టే అనిపించింది.

ఆర్కాన్సా విశ్వవిద్యాలయం వ్యవసాయ విస్తరణ కార్యాలయం ప్రతి కౌంటీలోనూ ఉంటుంది. అక్కడ ఒక డబ్బా మట్టి ఇచ్చాను. రుసుమేమీ తీసుకోలేదు. ఫలితం చూస్తే భాస్వరం దండిగా ఉంది, పొటాషు దండిగా ఉంది. నత్రజని నేను చల్లిన గుళికల్లో ఉండనే ఉంది. మరి మొక్క ఎందుకు తినడం లేదు?

గడ్డి తొలగించి చూశాను. గొట్టం పక్కన జానెడు మేర మట్టి తడిగా ఉంది. సాళ్ల మధ్య మట్టి పొడిగా ఉంది. ఆ పొడిమట్టి మీద నేను వేసిన గుళికలు వేసినవి వేసినట్టే, సగ్గుబియ్యంలా పడి ఉన్నాయి.

ఆ సాయంత్రం, అంటే వాళ్లకు పొద్దున, నాయినకు ఫోన్ చేశాను. "ఆ ఏడు చెట్లు ఎండినప్పుడు గాడి తవ్వి చూసినవా?" అని అడిగాను.

"చూసిన. ఎరువు గుళ్లు అట్లనే ఉండె. నువ్వు ఇంకో బస్తా వెయ్యమంటివి."

ఆయన కోపంగా అనలేదు. అందుకే ఎక్కువ తగిలింది.

మొక్క ఎరువును ఎలా తీసుకుంటుంది

ఇందులో పెద్ద రహస్యం ఏమీ లేదు. వేరు ఎరువు గుళికను నమలదు. నీటిలో కరిగినదాన్నే పీలుస్తుంది. కాబట్టి ఎరువు ఉపయోగపడాలంటే మూడు ఒకే చోట కలవాలి: తడి, ఎరువు, పనిచేసే లేత వేరు. ఇందులో ఏ ఒక్కటి పక్కన ఉన్నా మిగతా రెండూ దండగ. నీళ్లు పెట్టే పద్ధతి మారిందంటే తడి ఉండే చోటు మారింది. కొన్ని నెలల్లో వేళ్లు కూడా తడి వెంటే మళ్లుతాయి. ఎరువు ఒక్కటే పాత చోట మిగిలిపోతుంది.

పైగా అన్ని పోషకాలూ మట్టిలో ఒకేలా కదలవు. నత్రజని నైట్రేట్ రూపంలో ఉన్నప్పుడు నీరు ఎటు పోతే అటు పోతుంది. నీళ్లు ఎక్కువైతే వేళ్లను దాటి కిందికి దిగిపోతుంది. అదే నత్రజని అమోనియం రూపంలో ఉంటే బంకమట్టి దాన్ని పట్టి ఉంచుతుంది. పొటాషు కొద్దిగా కదులుతుంది. భాస్వరం మాత్రం వేసిన చోటు నుంచి కొద్ది మిల్లీమీటర్లకు మించి పోదు. అందుకే భాస్వరాన్ని విత్తేటప్పుడే వేరు పెరిగే లోతులో వేయమంటారు. నిలబడిన పైరు మీద పైపాటుగా డీఏపీ చల్లితే అందులో భాస్వరం చాలావరకు పైమట్టికే పరిమితం. మన ఊళ్లలో ఇది ఇప్పటికీ జరుగుతోంది.

మొక్కజొన్న వేసే అమెరికన్ రైతు విత్తే యంత్రంతోనే ఎరువును విత్తనానికి రెండంగుళాల పక్కన, రెండంగుళాల కింద పడేలా చేస్తాడు. విత్తనానికి తగిలేలా వేస్తే ఎరువులోని లవణాలకు మొలక మాడిపోతుంది. మరీ దూరంగా వేస్తే లేత వేరుకు అందదు. మన దగ్గర ఎరువూ విత్తనమూ కలిపి వేసే గొర్రు పనీ ఇదే.

ఏ నీటికి ఎక్కడ ఎరువు

మన ఊళ్లలో ఉన్న పద్ధతులను వరుసగా చూద్దాం.

మడి నిండా పారించే పద్ధతిలో నేలంతా తడుస్తుంది. ఎరువు ఎక్కడ వేసినా కరుగుతుంది. ప్రమాదం లోతులో ఉంది. చల్క నేలల్లో ఒక్కసారి ఎక్కువ నీళ్లు పెడితే నత్రజని వేళ్లు దాటిపోతుంది. కాబట్టి ఎరువును చిన్న చిన్న దఫాలుగా ఇవ్వాలి.

బోదెలు, కాలువలు తీసి పెట్టే మిరప, పత్తి, మొక్కజొన్నలో నీరు కాలువలో పారి, పక్కకు, పైకి బోదెలోకి ఊరుతుంది. ఎరువు బోదె నెత్తిన వేస్తే తడి అక్కడిదాకా సరిగా అందదు. కాలువ అడుగున వేస్తే నీటితో కొట్టుకుపోయి పొలం చివర చేరుతుంది. బోదె పక్కభాగంలో, నీళ్లు ఊరే ఎత్తులో, కొద్దిగా లోపలికి వేసి మట్టి కప్పాలి.

స్ప్రింక్లర్లు వానలాంటివి. నేలంతా పైనుంచి తడుస్తుంది కాబట్టి చల్లిన యూరియా కూడా పనిచేస్తుంది. అయితే చల్లిన వెంటనే అర అంగుళం నీరైనా పడాలి. లేకపోతే తడి నేల మీద ఉన్న యూరియా కొద్ది రోజుల్లో అమోనియాగా మారి గాలిలో కలుస్తుంది.

ఇక డ్రిప్పు. ఇజ్రాయెల్‌లో సింఖా బ్లాస్ ఆలోచనతో, 1965లో హట్జెరిం కిబ్బుట్జ్‌లో వ్యాపారంగా మొదలైన ఈ పద్ధతి, 2003లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం పెట్టిన సూక్ష్మ సేద్య పథకంతో మన పల్లెలకు పెద్ద ఎత్తున వచ్చింది. డ్రిప్పర్ కింద మట్టిలో తడి ఉల్లిగడ్డ ఆకారంలో ఉంటుంది. చల్క, ఇసుక నేలల్లో సన్నగా, లోతుగా. నల్లరేగడిలో వెడల్పుగా, పైపైన. చెట్టుకు ఉన్న ప్రపంచమంతా ఆ ఉల్లిగడ్డే. ఎరువు దాని లోపలే పడాలి. అందుకు తేలికైన మార్గం నీటిలో కలిపి అదే పైపులో పంపడం. మొదట కొంతసేపు వట్టి నీరు, తర్వాత ఎరువు నీరు, చివర మళ్లీ వట్టి నీరు. ఎరువు నీరు పంపాక మరీ ఎక్కువసేపు నీళ్లు వదిలితే నైట్రేటు ఉల్లిగడ్డ దాటి కిందికి పోతుంది.

ఇందులోనూ జాగ్రత్తలున్నాయి. మామూలు డీఏపీ, సూపరు పూర్తిగా కరగవు, డ్రిప్పర్లు మూసుకుపోతాయి. పూర్తిగా కరిగే రకాలే వాడాలి. కాల్షియం నైట్రేటును భాస్వరం ఎరువుతోనో, సల్ఫేటుతోనో ఒకే తొట్టిలో కలిపితే సున్నంలా అడుగుకు చేరుతుంది. ఇంకొకటి: లవణాలు తడి ఉల్లిగడ్డ అంచున పేరుకుంటాయి. ఎండాకాలం చివర చిన్న జల్లు పడితే అవి తిరిగి వేళ్ల మీదికి వస్తాయి. అప్పుడు వాన పడింది కదా అని డ్రిప్పు ఆపకూడదు, నడపాలి. ఇది విన్నప్పుడు మా నాయిన నవ్వాడు గానీ, కారణం చెబితే ఒప్పుకున్నాడు.

వరి: స్టట్‌గార్ట్ దారి, మిర్యాలగూడ దారి

అమెరికాలో పండే వరిలో దాదాపు సగం మా ఆర్కాన్సాలోనే పండుతుందని ఇక్కడ ఉండే మనవాళ్లకే చాలామందికి తెలియదు. ఆ పొలాలు బెంటన్‌విల్ చుట్టూ లేవు. కారులో నాలుగు గంటలకు పైగా తూర్పుకు, స్టట్‌గార్ట్ వైపు వెళ్లాలి. నా టీంలో పనిచేసే ఒకతని మేనమామకు అక్కడ వరి ఉంది. ఒక వారాంతం వెంట వెళ్లాను.

అక్కడ నాట్లు లేవు. పొడి దుక్కిలో గింజ వేస్తారు. నాలుగైదు ఆకుల దశలో, ఇంకా నీళ్లు పెట్టకముందు, పొడి నేల మీద విమానంతో యూరియా చల్లుతారు. ఆ తర్వాత రెండు మూడు రోజుల్లోపే మడి నింపాలని ఆయన పంపుల దగ్గర హడావుడి పడుతున్నాడు. ఆ తొందరకు కారణం ఉంది. పొడి మట్టిలోకి ఇంకుతున్న నీరు యూరియాను కరిగించి తనతోపాటు కిందికి దించుతుంది. పైన నీరు నిలిచాక ఆ లోతులో గాలి ఉండదు. అక్కడ నత్రజని అమోనియంగా మారి బంకమట్టికి అతుక్కుని, పైరుకు వారాల తరబడి అందుతుంది. నీళ్లు ఆలస్యమైతే వేసిన నత్రజనిలో ఐదో వంతు దాకా గాలిలో కలవచ్చు. తప్పక ఆలస్యమయ్యే చోట, యూరియా కరిగి వాయువుగా మారడాన్ని నెమ్మదింపజేసే మందు పూసిన యూరియా వాడతారు.

అదే ఊళ్లో కొందరు ఇప్పుడు వరిని బోదెల మీద, కాలువ నీటితో పండిస్తున్నారు. అక్కడ మడి ఎప్పుడూ నిండి ఉండదు, తడుస్తూ ఆరుతూ ఉంటుంది. ఆరినప్పుడు అమోనియం నైట్రేటుగా మారుతుంది, తడిసినప్పుడు ఆ నైట్రేటు నత్రజని వాయువై పోతుంది. కాబట్టి వాళ్లు యూరియాను ఒకేసారి కాకుండా వారం తేడాతో రెండు మూడు దఫాలుగా వేస్తారు. పైరు అదే, నేల అదే. నీళ్లు పెట్టే తీరు మారింది కాబట్టి ఎరువు లెక్క మారింది. మా తోటలో నేను మరిచిపోయింది ఇదే.

ఇది చూసిన ఉత్సాహంలో మిర్యాలగూడ దగ్గర, సాగర్ ఎడమ కాలువ కింద వరి వేసే మా చిన్నాయినకు ఫోన్ చేసి, "మడి ఎండబెట్టి యూరియా చల్లి నీళ్లు పెట్టు" అనబోయాను. ఈసారి ముందు చదువుకున్నాను. మనది దమ్ము చేసి నాటిన మడి. దాన్ని ఎండబెడితే పగుళ్లిస్తుంది, నీళ్లు నిలవవు, ఉన్న నత్రజని కూడా పోతుంది. మన వ్యవసాయ విశ్వవిద్యాలయం వాళ్లు ఏళ్లుగా చెబుతున్నది వేరు. నీళ్లు తీసేసి బురద పదునులో యూరియా చల్లాలి. 36 నుంచి 48 గంటలు ఆగి పలచగా నీరు పెట్టాలి. 50 కిలోల యూరియాకు 10 కిలోల వేప పిండి కలిపి రెండు రోజులు ఉంచి చల్లితే ఇంకా మంచిది. రెండు చోట్లా ఉద్దేశం ఒక్కటే: యూరియాను నిలిచిన నీళ్లలో వదలకుండా మట్టిలోకి చేర్చడం. బంగ్లాదేశ్‌లో యూరియాను పెద్ద గుళికలుగా చేసి నాలుగు మొక్కల మధ్య బురదలోకి చేత్తో నొక్కే పద్ధతి ఉంది. మూడో వంతు దాకా యూరియా ఆదా అవుతుంది. కూలీలు దొరకాలి, అదే చిక్కు.

2025 వానాకాలంలో తెలంగాణలో యూరియా కోసం రైతులు తెల్లవారుజామునే క్యూలు కట్టారు. 45 కిలోల బస్తాలో ఉండే నత్రజని 20 కిలోల పైచిలుకు. వరిలో అందులో పైరు తినేది మామూలుగా మూడో వంతు, నలభై శాతం. గంటలకొద్దీ నిలబడి తెచ్చుకున్న బస్తాలో సగానికి పైగా నీళ్లపాలో గాలిపాలో అవుతుంటే, ఎక్కడ వేస్తున్నాం అన్నది చిన్న విషయం కాదు.

పైన చల్లితే ఎక్కడికి పోతుంది

ఆ పోయిన ఎరువు ఏమవుతుందో చూడాలంటే బెంటన్‌విల్ నుంచి ఎక్కువ దూరం వెళ్లక్కర్లేదు. మా చుట్టుపక్కల కోళ్ల ఫారాలు ఎక్కువ. ఆ పెంట మంచి ఎరువే. దశాబ్దాలుగా దాన్ని పచ్చిక బయళ్ల మీద పైపైన చల్లారు. పైన చల్లిన భాస్వరం పైనే ఉంటుంది, గట్టి వాన పడితే నీటితో కదులుతుంది. ఇక్కడి నుంచి ఇల్లినాయ్ అనే నది పక్కనున్న ఓక్లహోమాలోకి పారుతుంది. నీళ్లు పాడవుతున్నాయని 2005లో ఓక్లహోమా రాష్ట్రం కోళ్ల కంపెనీల మీద దావా వేసింది. 2023 జనవరిలో న్యాయమూర్తి ఓక్లహోమాకు అనుకూలంగా తీర్పు చెప్పారు. మధ్యలో పద్దెనిమిదేళ్లు గడిచాయి. ఇదే రాష్ట్రంలో బూన్‌విల్‌లోని అమెరికా వ్యవసాయ శాఖ పరిశోధకులు, అదే పెంటను పచ్చిక కింద సన్నని గాళ్లలో వేస్తే వాన నీటితో పోయే భాస్వరం బాగా తగ్గుతుందని చూపించారు. ఎరువు అదే, రెండు మూడు అంగుళాల లోతు తేడా.

ఫోన్లో అడగవలసినవి

డబ్బు పంపేముందు, లేదా "ఇంకో బస్తా వెయ్యి" అనేముందు ఇంట్లో ఈ నాలుగూ అడగండి.

ఒకటి, నీళ్లు పెట్టిన మర్నాడు చేత్తో తవ్వితే తడి ఎంత మేర, ఎంత లోతు ఉంది?

రెండు, ఎరువు ఆ తడిలోనే పడుతోందా, బయట పడుతోందా? పాత గుళికలు కరగకుండా కనిపిస్తున్నాయా?

మూడు, చెట్టు పెరిగినకొద్దీ డ్రిప్పర్లు పెంచారా? చిన్న మొక్కకు పెట్టిన రెండు డ్రిప్పర్లు పెద్ద చెట్టుకు చాలవు.

నాలుగు, భూసార పరీక్ష చేయించారా? మట్టిలో ఉన్నదే మళ్లీ కొనడం ఎందుకు?

ఈ ప్రశ్నలకు ఇంజనీరింగు డిగ్రీ అవసరం లేదు. నాకు డిగ్రీ ఉండి కూడా అడగలేదు.

2021లో కొట్టంలో ఉన్న పైపులు మళ్లీ బయటికి తీశాం. పెద్ద చెట్లకు కొమ్మల అంచు కింద గుండ్రంగా పైపు తిప్పి ఆరేసి డ్రిప్పర్లు పెట్టించాం. మోటారు దగ్గర ఎరువు నీళ్లు పీల్చే వెంచురీ బిగించాం. మొదటి ఎండాకాలం ఆకు రంగు మారలేదు, బోరు వానల దాకా ఆగలేదు. పోయిన నలభై చెట్ల చోట కొత్త మొక్కలు నాటాం. అవి ఇప్పుడు కాపుకొస్తున్నాయి.

మొన్న ఫోన్లో కాయ ఎట్లా ఉందని అడిగితే, ముందు తడి సంగతే చెప్పాడు నాయిన. "జానెడు తవ్విన. తడి ఉన్నది. ఎరువు ఎల్లుండి ఇస్త." ఆ తర్వాతే కాయ సంగతి.